చేపకి మంచమెందుకు?

పెరటి వరండా,
ఎండ ఇంకా దిగని సాయంత్రం

చెల్లికి,

అక్కయ్య ఆశీర్వదించి రాస్తున్నది. ఈ ఆశీర్వాదం ఉత్తరం మొదట్లో మర్యాదకి వేసేది మాత్రమే. నీ ప్రవర్తన చూసి ఇచ్చిన బహుమతి అనుకోకు.

నీ ఉత్తరం అందింది. ఇంటి యజమాని ఇల్లు అమ్మేశాడనీ, వానలు పడేలోగా ఖాళీ చెయ్యమన్నాడనీ, వయసు మళ్ళిన ఆడవాళ్ళ హాస్టల్లో మూడో అంతస్తు గది మాట్లాడుకున్నావనీ నాలుగు ముక్కల్లో తేల్చేశావు. తక్కిన రెండు పేజీలూ ఆ చేప గోల. తొట్టి కూలగొట్టేస్తారు, హాస్టల్లో జంతువుల్ని రానివ్వరు, "బావగారి గతేం కాను?" అంటూ కాగితం మీద కన్నీటి చుక్కలు కూడా వేశావు. సిరా అలుక్కుపోయింది. తొట్టిలో చెయ్యి ముంచి చిలకరించావేమోనని నా అనుమానం.

ముందు ఒక మాట. తెల్లమచ్చలున్న ఆ నారింజరంగు చేపని నువ్వు బావగారని, పోయిన నా భర్త వరసపెట్టి పిలవడం నేను ఏనాడూ ఒప్పుకోలేదు. "బావగారిలాగే రోజంతా నోరు తెరుస్తాడు, మూస్తాడు, ఒక్క మాట బయటికి రాదు" అని నువ్విచ్చే సంజాయిషీ అబద్ధం. ఆయన మాట్లాడేవారు. నేను ఊపిరి తీసుకునేటప్పుడు.

ఇక అసలు సంగతి. మా పెరట్లో కొలను తవ్విస్తున్నాం. నీ ఉత్తరం వచ్చాక పుట్టిన ఆలోచన కాదు, అల్లుడుగారికి ఎప్పటినుంచో ఉన్న సరదా. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు నేను గుర్తుచేశానంతే. నీళ్ళు కుదురుకున్నాక ముందు మొక్కలు వేస్తాం, మొక్కలు వేళ్ళూనాక నీ చేపని దింపుకుంటాం. కొలను కనిపించాలంటే పెరటివైపు గదిలో కిటికీ తెరవాలి, కిటికీ తెరవాలంటే అడ్డంగా ఉన్న అల్లుడి వ్యాయామం సైకిలు తియ్యాలి. కాబట్టి ఆ గది ఖాళీ చేయిస్తున్నాను. ఊరికే చెబుతున్నాను.

ఇవన్నీ ఫోన్లో మాట్లాడుకోవచ్చు కదా అంటుంది మా అమ్మాయి. నాకు పనిచేసే చెవి ఒకటే. నీకు పనిచేసే నోరు ఇద్దరు మనుషులంత. ఫోన్లో కుదరదు.

అక్కయ్య

*

మూటల మధ్య నుంచి

అక్కా,

నమస్కారం. నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలీక టీ పెట్టుకున్నాను.

బావగారిని నీ ఇంటికి పంపడమంటే మాటలా? ఇల్లరికం పంపుతున్నాను. అబ్బాయి తరఫు మనిషిని, నాలుగూ కనుక్కోవాలి. కొలను ఎంత లోతు? నీ నడుం దాకా అయినా ఉండాలి, లేకపోతే పిల్లి ఒడ్డున కూర్చుని చెయ్యి పెట్టేస్తుంది. మధ్యాహ్నం నీడ పడుతుందా? కుళాయి నీళ్ళు నింపిన పూటే దింపెయ్యరు కదా? నువ్వు బళ్ళో కెమిస్ట్రీ చెప్పినదానివే, కాదనను. నేను జాకెట్లు కుట్టుకుని బతికినదాన్ని. కానీ చేపని పెంచింది నేను, నువ్వు కాదు. ఇంకో సంగతి, ఆయనకి మొక్కలంటే మహా ఇష్టం. ఎంత ఇష్టమో చూస్తే నీకే తెలుస్తుంది.

హాస్టల్ గది బాగానే ఉంది. కిటికీ ఉంది. మంచం, బల్ల, గోడకి ఒక మేకు. కుట్టు మిషను మాత్రం కుదరదన్నారు, కింది గది ఆవిడకి చప్పుడు పడదట. మేనేజరమ్మ మర్యాదస్తురాలు. "మీకెవరూ లేరామ్మా?" అని అడిగింది. "ఎందుకు లేరు, అక్క ఉంది, నా చేపకి ఇల్లు కట్టిస్తోంది" అన్నాను. ఆవిడ నన్ను అదోలా చూసి పుస్తకం మూసేసింది.

నీ చెల్లి

*

పెరడు (ప్రస్తుతం గొయ్యి)

చెల్లికి,

ఆశీస్సులు, మామూలుగానే.

కొలను అయింది. అయిందని అల్లుడుగారు అంటున్నాడు. వంతెనల ఆఫీసులో నక్షాలు గీసే మనిషి కదా, ఎత్తుపల్లాలు చూసే రసమట్టం పట్టుకుని పెరడంతా పాకాడు. మోకాళ్ళు గీరుకుపోయాయి. ఇంత చేసీ నీళ్ళు నింపగానే ఒక పక్క నుంచి పొర్లి వెళ్ళి నా గులాబీలని పలకరించాయి. "అత్తయ్యగారూ, అది డిజైన్‌లో భాగం" అన్నాడు. ఇతను కట్టిన వంతెనల మీద నేను ఈ జన్మలో నడవను.

నీళ్ళు నిలవ ఉంచి, కుళాయి మందు వాసన పోయాకే మొక్కలు తెప్పించాను. కలువ దుంప, నీళ్ళ మీద తేలే అంతరతామర, అడుగున పెరిగే నాచు. కలువకి బరువైన బంకమట్టి కావాలని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. నర్సరీ అతను "సార్, ఇది విదేశీ మట్టి" అన్నాడట, మావాడు పొట్టు కలిపిన తేలిక మట్టి బస్తా మోసుకొచ్చాడు. కుండీలో నింపి, దుంప నాటి, ఏదో ప్రారంభోత్సవంలాగా మెల్లగా నీళ్ళలోకి దించాడు. కుండీ మునిగింది, మట్టి పైకి లేచింది. విదేశాల్లో మట్టి ఈదుతుందేమో నాకు తెలియదు. కలువ దుంప మాత్రం ఊడిన పన్నులా కొలను మధ్యన తేలుతూ కనబడింది. మావాడు చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. పాపం, నాకు జాలేసి లోపలికి వెళ్ళి నవ్వుకున్నాను.

ఇప్పుడు బంకమట్టిలో మళ్ళీ నాటి, పైన గులకరాళ్ళు పరిచాం. ఈలోగా నీళ్ళు ఆకుపచ్చ సిరాలా మారాయి. అమ్మాయి అంతా తోడి పారబోద్దామంది. కొత్త నీళ్ళకి ఎండ తగిలితే ఇలాగే అవుతుంది, మొక్కలు పెరిగి నీడపడితే అదే తేరుకుంటుంది అన్నాను. పిల్లలు అల్లరి చేస్తున్నారని బడి మూసేస్తామా?

పెరటి గదిలో సైకిలు బయటికి పోయింది. గోడలకి లేత పసుపు వేయించాం, దుకాణంలో అదే మిగిలిందట. కిటికీ పక్కన మంచం వేయించాను. కొత్త పరుపు, గట్టిది. ఊరికే చెబుతున్నాను.

అక్కయ్య

*

అక్కా,

చేపకి మంచమెందుకు?

అదీ గట్టి పరుపు. నువ్వు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ మెత్తటి పరుపు మీద తప్ప పడుకోలేదు. గట్టి పరుపు లేకపోతే నడుం పట్టేసేది మీ ఇంట్లో ఎవరికో నాకు తెలీదు. లేత పసుపు దుకాణంలో మిగిలిపోయిందా? మంచి రంగే.

గులకరాళ్ళు చిన్నవి వద్దు, పిడికిలంతవి పెట్టు. చిన్నవైతే బావగారు నోట కరుచుకుని పక్కన పెట్టేస్తారు. ఆయన చాలా శ్రమజీవి. ఆ విషయంలో అసలు బావగారితో పోలిక లేదు, ఒప్పుకుంటాను.

ఇంటాయన కొలతల మనిషిని వెంటబెట్టుకు వచ్చాడు. నేను అన్నం తింటుంటే నా చుట్టూ టేపు పెట్టి గది కొలిచారు. "కాలు కొంచెం తియ్యమ్మా" అన్నాడు. తీశాను. హాస్టల్ వాళ్ళు ఎప్పుడొస్తారని అడుగుతున్నారు.

నీ చెల్లి

*

పెరటి గది, కిటికీ పక్కన

చెల్లికి,

మంచం గురించి అడిగావు. కొలను దగ్గర కొంగలు తిరుగుతున్నాయి. కాపలా ఉండాలి. కాపలా మనిషి కూర్చోవడానికి మంచం. మెత్తటి పరుపు వేస్తే కాపలా మనిషి నిద్రపోతుంది కనుక గట్టిది వేశాను. ఇందులో అర్థం కానిదేముంది?

నీళ్ళు తేరాయి. తవ్వేటప్పుడు అల్లుడి జేబులోంచి పడిన పెన్సిలు అడుగున స్పష్టంగా కనబడుతోంది. కలువ ఆకులు పళ్ళేలంత అయ్యాయి. అంతరతామర పిల్లలు పెట్టింది. మొగ్గ కూడా ఒకటి తలెత్తింది. నా జీవితంలో నేను చెప్పినట్టు విన్నది ఈ కొలను ఒక్కటే.

ఆదివారం అల్లుడుగారు వ్యాను, పెద్ద డ్రమ్ము తీసుకుని వస్తాడు. చేపని పంపు. వ్యానులో ముందు సీటు ఒకటి ఖాళీగా ఉంటుంది. ఊరికే చెబుతున్నాను.

అక్కయ్య

*

(అల్లుడి చేతికిచ్చి పంపినది)

అక్కా,

ముందు సీటులో బావగారి తిండి డబ్బా, వల, నీడకి కట్టే గుడ్డా పెట్టాను. సీటు నిండిపోయింది.

డ్రమ్ము దొర్లకుండా పక్కన అండగా నా కుట్టు మిషను పెట్టాం. మళ్ళీ తిప్పి పంపకు, హాస్టల్లో ఎలాగూ రానివ్వరు. తడి తగలనివ్వకు. వెలుతురొచ్చే కిటికీ పక్కన పెట్టు. మిషనుకి వెలుతురు మంచిది.

డ్రమ్ములో బావగారిని నీళ్ళ సంచిలో ఉంచాను, ఆ సంచితో సహా కొలనులో కాసేపు తేలనివ్వు. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒక చల్లదనానికి వచ్చాక, కొలను నీళ్ళు కొంచెం కొంచెంగా సంచిలో పోసి, అప్పుడు మూతి విప్పు. తొందరపెట్టకు. కొత్త చోటు ఎవరికైనా బెరుకే.

తొట్టి ఖాళీ అయిపోయింది. చూస్తుంటే ఎలాగో ఉంది. అందుకని బోర్లించిన బకెట్టు మీద అటు తిరిగి కూర్చుని రాస్తున్నాను.

నీ చెల్లి

*

పెరటి వరండా

చెల్లికి,

నీ చేప క్షేమంగా చేరింది. నువ్వు చెప్పిన పద్ధతిలోనే దింపాను. సంచి మూతి విప్పినా చాలాసేపు కదల్లేదు. నా వైపు చూసి నోరు తెరిచింది, మూసింది. ఉన్నమాట చెప్పాలి కదా, ఒక్క క్షణం నాక్కూడా ఆ పోలిక తట్టింది. వెంటనే కళ్ళజోడు తుడుచుకున్నాను.

అక్కడితో మంచి కబురు అయిపోయింది. వచ్చిన దగ్గర్నుంచీ తిండి ముట్టడం లేదు. గింజలు వేస్తే మొహం తిప్పుకుంటోంది. ఒక మూల చేరి ఎవరికోసమో చూస్తున్నట్టు ఉంటోంది. పెంచిన మనిషి దగ్గర లేకపోతే కొన్ని జీవాలు అలా కృశించిపోతాయట. ఎక్కడో చదివాను. ఎక్కడో గుర్తు లేదు.

దీనికి తోడు కొలనులోకి నత్తలు చేరినట్టున్నాయి. కలువ ఆకులు రెండు రాత్రికి రాత్రే మాయమయ్యాయి.

మిషను పెరటి గదిలో కిటికీ పక్కన పెట్టించాను. చక్కగా సరిపోయింది.

అక్కయ్య

*

అక్కా!

చేతులాడటం లేదు. ఇది అందగానే చెప్పినట్టు చెయ్యి.

ఎర్రది కట్టుకో. ఆయనకి ఎరుపు ఆనవాలు. గింజలు పై నుంచి విసరకు, ఒడ్డున కూర్చుని అరచేతిలో పెట్టి నీళ్ళ అంచున పట్టుకో. అన్నిటికంటే ముఖ్యం, పెట్టేటప్పుడు తిట్టాలి. నేను రోజూ "తిను, తిని చావు, నీకు చాకిరీ చెయ్యడానికే పుట్టాను" అంటూ పెట్టేదాన్ని. ఆ పాట వినపడకపోతే అన్నం వేళయిందని ఆయనకి తెలీదు. తిట్టడం నీకేమంత కష్టం కాదనుకుంటాను.

వెంటనే రాయి.

నీ చెల్లి

*

కొలను ఒడ్డు

చెల్లికి,

మా అమ్మాయిది ఎర్రచీర ఒకటి కట్టుకుని, మోకాళ్ళు ఎలాగో మడిచి, ఒడ్డున కూర్చున్నాను. అరచేతిలో గింజలు పెట్టుకుని తిట్టాను. మొదట మొహమాటపడ్డాను. తర్వాత మాట దానంతటదే వచ్చింది. కరెంటు బిల్లు దాచి మర్చిపోవడం దగ్గర మొదలుపెట్టి, చెప్పాపెట్టకుండా నన్ను వదిలి ముందే వెళ్ళిపోవడం దాకా అన్నీ అడిగాను. నోరు తెరిచి మూసి, తెరిచి మూసి, బుద్ధిగా విన్నారు. ఇన్నేళ్ళకి ఆయనతో తనివితీరా మాట్లాడాను.

నా చెవి సంగతి తెలుసు కదా, నేను గుసగుస అనుకున్నది వీధి చివరికి వినబడిందట. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "మీవారు తిరిగొచ్చారా అండీ?" అంది. "వచ్చారు, స్నానం చేస్తున్నారు" అన్నాను. అప్పటినుంచి ఆవిడ పెరటి తలుపు వేసుకుంటోంది. బడి నుంచి వచ్చిన మనవరాలు కూడా నన్ను చూసి చప్పుడు చెయ్యకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఇంత చేసినా తిండి మాత్రం ముట్టడం లేదు. చిక్కి సగమైపోయారు. ఎముకలు తేలాయి. నేనేం చెయ్యగలను? నేను ఆయన మనిషిని కాదు కదా.

ఈ నత్తల బాధ ఒకటి. కలువకి ఒక్క ఆకు మిగల్లేదు. మొగ్గ కూడా పోయింది. అంతరతామర వేళ్ళు కత్తిరించినట్టు కొరికేసి ఉన్నాయి. పొద్దున్న చూస్తే పిడికిలంత రాళ్ళు పక్కకి దొర్లి, కలువ దుంప మళ్ళీ పైకి తేలింది. అల్లుడుగారు దాన్ని చూసి కుర్చీలో కూలబడ్డాడు.

అక్కయ్య

*

ఖాళీ ఇంటి ముందుగది

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను.

నత్తలు రాళ్ళు దొర్లించాయా? ఎంతెంత నత్తలక్కా అవి, చేతులున్నాయా వాటికి? కలువ దుంప పెకలించే నత్తని నేను ఇంతవరకు చూడలేదు. కలువ దుంప పెకలించే బావగారిని మాత్రం చూశాను, నా తొట్టిలో ఒక్క మొక్కని బతకనివ్వలేదు. ఆయనకి మొక్కలంటే ఎంత ఇష్టమో చూస్తే తెలుస్తుందని మొదట్లోనే రాశాను. కొలనెడు ఆకు మేసిన మనిషి నువ్వు వేసిన నాలుగు గింజలకి మొహం తిప్పుకోడా మరి!

ఎముకలు తేలాయట. చేపకి! నీ దగ్గర చదువుకునే పిల్ల ప్రయోగం రికార్డులో ఇలా రాస్తే సున్నా వేసి, తండ్రిని పిలిపించేదానివి.

అయితే నాకు కోపం లేదు. ఇన్ని నెలలుగా నాతో కొలను గురించి, సైకిలు గురించి, రంగు గురించి, పరుపు గురించి, కొంగల గురించి, ముందు సీటు గురించి చెప్పావు. "ఊరికే చెబుతున్నాను" అన్నావు ప్రతిసారీ. చిన్నప్పుడు కూడా అంతే, నా పెన్సిలు కావాలంటే "నీ పెన్సిలు బాగుంది" అనేదానివి, ఇమ్మని అడిగేదానివి కాదు. నాకు అరవై దాటాయి. ఇంక నేను అర్థం చేసుకుని ఇవ్వను. అడిగితేనే ఇస్తాను.

ఒక్క వాక్యం రాయి. అందులో చేప ఉండకూడదు, కొలను ఉండకూడదు. శుక్రవారం ఈ ఇంటి తాళం ఇచ్చెయ్యాలి. హాస్టల్ మేనేజరమ్మకి ఆలోపు నా జవాబు కావాలి.

చెల్లి

*

పెరటి గది

చెల్లీ,

నాలుగు కాగితాలు చింపాను. మొదటిదాంట్లో చేప వచ్చింది. రెండోదాంట్లో కొలను వచ్చింది. మూడోదాంట్లో ఆ రెండూ రాలేదు కానీ కొంగ వచ్చింది. నాలుగోది బాగానే కుదిరింది, చదువుకుంటే కళ్ళజోడు మసకేసింది, చించేశాను. ఇది అయిదోది.

నువ్వు లేకపోతే నాకు తోచడం లేదు. వచ్చి నాతో ఉండు.

రెండు వాక్యాలయ్యాయి. ఎక్కువైంది తిరిగి పంపు.

అక్క

*

ఖాళీ ఇంటి అరుగు మీద నుంచి

అక్కా,

రెండూ ఉంచుకున్నాను. నీ దగ్గర మళ్ళీ దొరికే సరుకు కాదు.

హాస్టల్ గదికి కిటికీ ఉందని రాశాను కదా. కిటికీ ఎదురుగా మూరెడు దూరంలో గోడ ఉందని రాయలేదు. మాట్లాడుకున్నానని నీకు రాశానే గాని, తీసుకుంటానని వాళ్ళకి నేను చెప్పనే లేదు. ఇంకా ఆలోచిస్తున్నానని ఇన్నాళ్ళూ ఆవిణ్ణి తిప్పుకున్నాను. నిన్ననే రానని చెప్పాను. "ఎక్కడికెళ్తారమ్మా?" అంది. "నా చేప దగ్గరికి" అన్నాను. ఈసారి పుస్తకం కూడా మూయకుండా చూస్తూ ఉండిపోయింది.

ఇంత కెమిస్ట్రీ చదివావు, నీకు తట్టలేదా అక్కా? ఆ మిషను మీదే నేను తిండి తిన్నాను, ఇల్లు నడిపాను. చేపని పంపమంటే, అడక్కుండానే నా మిషను పంపాను. మిషను వచ్చిన ఇంటికి మనిషి రాకుండా ఉంటుందా? అల్లుడు మాత్రం ఎక్కిస్తూ ఎక్కిస్తూ నా మొహం చూసి, "పిన్నిగారూ, పెట్టెలు కూడా ఇప్పుడే పెట్టెయ్యమంటారా?" అన్నాడు. అత్తగారు అడిగేదాకా ఆగమని నోరు నొక్కాను. ఆగాడు, చూశావా. వంతెనల మాటెలా ఉన్నా, మనిషి గట్టివాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి వస్తున్నాను. నేను వచ్చాక ఆయన్ని తిట్టే వంతు ఉదయం నీది, సాయంత్రం నాది. కలువ మాత్రం మళ్ళీ నాటకండి, లేదంటే దాని చుట్టూ వల కట్టండి, ఆ వల నేను కుడతాను.

శుక్రవారం పొద్దున్న బావగారికి గింజలు వెయ్యకు. నేను వచ్చి పెడతాను. ఆకలితో మాడుతున్నారని అంతలా రాశావుగా, ఒక్క పూటైనా నీ మాట నిజం కానీ.

నీ చెల్లి